ఆదివారం నింపిన గోలీల డబ్బా

సామ్యేల్ తన బతుకులో గట్టిగా నమ్మింది రెండింటినే. ఒకటి తన చెవిని, రెండోది భార్య లిడియా చేతిని. దేవుణ్ని కూడా నమ్మాడు, కాదనను. కాని దేవుడితో అప్పుడప్పుడు పేచీ పెట్టుకునేవాడు. ఈ రెండింటితో మాత్రం ఏనాడూ పెట్టుకోలేదు.

చెవి సంగతి ముందు చెప్పాలి. గోదావరిఖనిలో బొగ్గుగనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. ఆ బాయిలో సామ్యేల్ ముప్పై రెండేళ్లు పని చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, బోల్టులు బిగించడం అతని పని. అంతకంటే ముందు, ఆ కప్పు కింద మనిషి నిలబడొచ్చో లేదో తేల్చాలి. ఎట్లా తేలుస్తారయ్యా అంటే, కర్రతో తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. బొదబొదమంటే లోపల పొర విడిచి డొల్లయినట్టు. సామ్యేల్ కర్ర ఎత్తి మూడు దెబ్బలు కొట్టి, తల పక్కకు వంచి, "జరుగుండ్రి" అన్నాడంటే షిఫ్టును నడిపించే ఓవర్‌మన్ కూడా మారుమాట లేకుండా జరిగేవాడు. అట్లా జరిగి బతికి బట్టకట్టినవాళ్లు ఆ కాలనీలో ఇప్పటికీ పదిమంది ఉన్నారు.

"కప్పు మంచిదిర, చెప్పి పడ్తది" అనేవాడు కొత్తగా వచ్చిన పిల్లలతో. "మనం ఇనాలె, అంతే."

ఇక లిడియా చెయ్యి. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో మొదటి షిఫ్టయినా రాత్రి షిఫ్టయినా ఆ చెయ్యి అందించిన టిఫిను గిన్నె పట్టుకునే గడప దాటాడు. లోపల ఏముందో ఒక్కనాడు మూత తీసి చూడలేదు. ఆమె పదో తరగతి పాసైంది, చర్చిలో స్త్రీల కూటానికి వాక్యం చదివేది. సామ్యేల్‌కు అంకెలు వచ్చు, సంతకం వచ్చు, అక్కడితో సరి. కాగితం ఏదైనా లిడియా చదివి "పెట్టు" అంటే సంతకం పెట్టేవాడు. ఎక్కడ పెట్టాలో ఆమె వేలు చూపిస్తే చాలు.

అట్లాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట గుండె చతికిలబడింది. మొదట్లో ఎవరికీ తెలియలేదు. బాయిలోంచి పైకి నడిచొస్తుంటే నాలుగుచోట్ల ఆగి రొప్పేవాడు. గ్యాసన్నారు. సోడాలు తాగించారు, వాము నమిలించారు. పాదాలు పొంగి, బొటనవేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండేది. నిలబడి పని చేసే మనిషికి కాళ్లు పొంగవా అన్నారు. పడుకుంటే ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడుపుతుంటే, అప్పుడు లిడియాకు భయం వేసింది. దవాఖానలో చూసి కరీంనగర్‌కు పంపించారు.

అక్కడ డాక్టర్ యమున. నలబై కూడా నిండని మనిషి, మాట మాత్రం పెద్దరికం. గుండె స్కానింగు చేసి, కంప్యూటరు తెర అతని వైపు తిప్పి చూపించింది. గుండెలో నిండిన రక్తంలో ప్రతి దెబ్బకూ సగానికి పైగా బయటికి నెట్టాలట. సామ్యేల్ గుండె నూటికి ఇరవై రెండు నెడుతోంది.

"ఇది గ్యాస్ కాదు కాకా, గుండె అలిసిపోయింది. కాని ఫికర్ చెయ్యకు. ఇంతకుముందు ఒక్కొక్క మందు నెలలకు నెలలు ఆగి కలుపుతుంటిమి. ఇప్పుడు నాలుగు రకాలు కొన్ని వారాల్లనే మొదలుపెడ్తున్నం. వాటిల్ల ఒకటి షుగర్ గోలీ."

"నాకు షుగర్ లేదు గద బిడ్డా?"

"షుగర్ లేకున్నా గుండెకు పని చేస్తదని ఈ నడుమనే తేలింది. నాలుగూ ఏసుకోవాలె, ఒక్కటి తప్పినా కుదరదు. పొద్దుగాల లేవంగనే బరువు చూసుకోవాలె. మూడు రోజులల్ల రెండు కిలోలు పెరిగిందంటే ఒంట్ల నీరు చేరినట్టే, నాకు ఫోన్ చెయ్యాలె. ఉప్పు తగ్గించాలె."

లిడియా అన్నీ చీటీ మీద రాసుకుంది. ఇంటికి రాగానే మామిడికాయ తొక్కు జాడీని అటక మీదికి ఎక్కించింది. ఏడు రోజులకు ఏడు అరలు, పొద్దుటికో మూత, సాయంత్రానికో మూత ఉన్న గోలీల డబ్బా కొనుక్కొచ్చింది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, మంచం మీద తువ్వాల పరిచి, వారానికి సరిపడా నింపేది. పక్కనే కూర్చుని సామ్యేల్ చూస్తుండేవాడు. ఏ మందు ఏదో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఇంత మంచి చెయ్యి ఉండగా తనకెందుకు?

బొగ్గుబాయిల ఊళ్లో గుండె అంకెకు ఇంకో అర్థం ఉంది. అది బయటివాళ్లకు చెబితే తప్ప తెలియదు. కార్మికుడు పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చి 'అన్‌ఫిట్' ఇచ్చిందంటే అతని ఉద్యోగం కొడుక్కు వస్తుంది. అయితే రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు మిగిలి ఉండగానే ఇవ్వాలి. దాటిందా, గోవిందా. అందుకే అక్కడ తండ్రి ఆరోగ్యం ఇంటిల్లిపాదికీ లెక్కే. మోకాళ్లు అరిగాయంటే పక్కింటివాళ్లు "అయ్యో" అంటూనే "బోర్డు ఎప్పుడు?" అని అడుగుతారు. తప్పు పట్టడానికి లేదు. ఎడ్వర్డ్‌లాంటి కొడుకులు ఇంటికొకరున్నారు.

ఎడ్వర్డ్ సామ్యేల్ ఒక్కగానొక్క కొడుకు. ముప్పై మూడేళ్లు. జైపూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ, బూడిద ఎత్తే పని. కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఉంటాడో పోతాడో తెలియని బతుకు. భార్య గ్లోరియా, ఒక చంటిపిల్ల. తండ్రికి ఇరవై రెండు అని తెలిసిన రోజు ఎడ్వర్డ్ ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, అన్‌ఫిట్ దరఖాస్తు ఫారం తెచ్చాడు. సామ్యేల్ ఏమీ అనుకోలేదు. లిడియా వేలు చూపించిన చోట సంతకం పెట్టాడు. అప్పటికి అతనికీ అదే న్యాయంగా తోచింది. పక్క క్వార్టరు రాయమల్లు వచ్చి, "ఇరవై రెండంటే ఇంకేం, నౌకరి వచ్చినట్టే" అని భుజం తట్టి పోయాడు. రాయమల్లు మోకాళ్ల మీద అన్‌ఫిట్ అయి కొడుక్కు ఉద్యోగం ఇప్పించుకున్న మనిషి. బోర్డుల విషయంలో కాలనీకంతటికీ ఆయనే పెద్ద దిక్కు.

బోర్డు తేదీ ఇవాళ రేపు అంటూ నెలలు జరిగింది. బాయిలో దిగొద్దని సామ్యేల్‌ను పైన ల్యాంపురూంలో వేశారు. దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం. ఈలోగా ఆ నాలుగు గోలీలు తమ పని తాము చేసుకుపోతున్నాయి. పాదాల పొంగు దిగింది. మూడు దిండ్లు రెండయ్యాయి, రెండు ఒకటైంది. ఈస్టరు నాడు చర్చిలో డోలక్ ఒళ్లోకి తీసుకుని మూడు పాటలు ఏకబిగిన వాయించాడు. పాస్టరుగారు వేదిక మీంచే "సామ్యేలన్న లేచిండు" అన్నారు. వెనక బెంచీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ రోజు సామ్యేల్ ముఖం చూడాలి మీరు!

జులైలో స్కానింగు చేస్తే నలబై ఆరు వచ్చింది. డాక్టర్ యమున తెర చూసి, సామ్యేల్‌ను చూసి, మళ్లీ తెర చూసి నవ్వింది.

"కాని కాకా, ఒక మాట. గుండె మంచిగైందంటే రోగం పోయిందని కాదు. మందులు పట్టి నిలబెట్టినయి. ఇట్ల బాగైనోళ్లకు మందులు ఆపి చూసిన్రు ఒక దగ్గర. ఆరు నెలలు కాకముందే సగం మందికి దగ్గర దగ్గర మళ్ల గుండె జారింది. జన్మంతా ఏసుకోవాలె."

"మా లిడియా ఉండంగ తప్పిపోవుడు ఉండది బిడ్డా" అన్నాడు సామ్యేల్.

బస్సు దిగి చౌరస్తాలో పావుకిలో జిలేబీ కట్టించుకున్నాడు. చెప్పులు విడవకుండానే గడపలోంచి కేకేశాడు.

"నలబై ఆరే లిడియా! ఇరవై రెండు గాడు నలబై ఆరు అయిండు! ఇగ బాయిల దిగినా ఏం గాదు!"

ఇల్లు సంతోషించాలి కదా? లిడియా "మంచిదే" అని చేతులు చెంగుకు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయింది. గ్లోరియా చంటిపిల్లను ఎత్తుకుని లోపలి గదిలోకి పోయింది. ఎడ్వర్డ్ జిలేబీ ముక్క చేతిలో పట్టుకుని, తినకుండా అడిగాడు.

"నలబై ఆరుకు అన్‌ఫిట్ ఇస్తరా బాపు?"

"ఎట్ల ఇస్తరు? మంచిగున్నోనికి అన్‌ఫిట్ ఎట్ల ఇస్తరు?"

"మరి నా సంగతేంది?"

"నీ సంగతి నువ్వు చూసుకోర. నా గుండె నీ నౌకరి దరఖాస్తు కాదు. రేపే పోయి వాపస్ తీసుకుంట."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ సామ్యేల్ ఆ ఒక్క మాటకు తనను తాను తిట్టుకుంటాడు. ఎడ్వర్డ్ జిలేబీ పళ్లెంలో పెట్టేసి, బండి తీసుకుని బయటికి పోయాడు. కర్రతో తట్టకుండానే ఇల్లు డొల్ల చప్పుడు చేసిన రోజు అది. ఇంత చెవి ఉన్నవాడూ ఆనాడు వినలేదు. నలబై ఆరు సంబరంలో ఉన్నాడు మరి.

మర్నాడు లిడియా అన్నం వడ్డిస్తూ మెల్లగా చెప్పింది.

"దరఖాస్తు వాపస్ తీసుకోకు. బోర్డుకు పో. వాళ్లు పరీక్ష చేసి ఏదంటే అది. ఫిట్ అంటే ఫిట్. గప్పుడు పిల్లగాడు గూడ నిన్ను తప్పు పట్టడు. దేవుడు ఎట్ల రాసిపెడితే అట్లయితది."

సామ్యేల్‌కు ఆ మాట తూకం వేసినట్టు న్యాయంగా అనిపించింది. "నీ అసొంటి మనిషి లేదే" అన్నాడు. లిడియా తల వంచుకుని చారు పోసింది.

ఆగస్టు గడిచేసరికి బూట్లు బిగుతయ్యాయి. ల్యాంపురూంలో దీపాలు పై వరసకు ఎత్తుతుంటే ఆయాసం. రోజూ పొద్దున బరువు చూసే అలవాటు ఉంది కదా, మిషను మీద అతను నిలబడితే లిడియా నోటుబుక్కులో రాసేది. అరవై ఒకటి. అరవై రెండు. అరవై మూడున్నర.

"రెండు కిలోలు దాటింది గదనే, మేడంకు ఫోన్ చేద్దామా?"

"వానకాలం గద, ఒళ్లు నీరు పట్టినట్టే ఉంటది. రెండు రోజులు చూద్దాం" అంది. ఆమె రాసింది మాత్రం నిజమైన అంకే. గుండ్రటి దస్తూరీతో, తేదీ వేసి మరీ రాసింది.

సామ్యేల్ ఉప్పు పూర్తిగా మానేశాడు. చప్పిడి కూడు తింటూ మళ్లీ మూడు దిండ్లు వేసుకున్నాడు. సెప్టెంబరులో ఒక ఆదివారం పాట నడుమ చేతులు ఆడక డోలక్ కింద పెట్టేశాడు. పిల్లలు తిరిగి చూశారు. ఆ సిగ్గుకు తట్టుకోలేక దేవుడితో పేచీ పెట్టుకున్నాడు. ఇచ్చినట్టే ఇచ్చి గుంజుకుంటావా, నేనేమన్నా అడిగానా అని. దేవుడి తర్వాత కోపం డాక్టరమ్మ మీదికి మళ్లింది. కరీంనగర్ బస్సెక్కాడు. లిడియాకు ఆ రోజు స్త్రీల ప్రార్థన కూటం ఉంది, రాలేనంది. వచ్చేసరికి సాయంత్రం అవుతుందని గోలీల డబ్బా సంచిలో వేసుకున్నాడు.

స్కానింగులో ఇరవై ఏడు.

"మీ మందులు మోసం చేసినయి మేడం!" అన్నాడు సామ్యేల్. బిడ్డా అని కూడా అనలేదు. "ఒక్క పూట తప్పలే. ఉప్పు ముట్టలే. గింత జేస్తే గిదా? మీది వైద్యమా, మాయనా?"

డాక్టర్ యమున కోప్పడలేదు. "గోలీల డబ్బా తెచ్చినవా, ఇటియ్యి కాకా" అంది. మూత తీసి, గోలీలు అరచేతిలో పోసుకుని, కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూసింది.

"ఈ గులాబీ రంగుది నేను రాసింది కాదు. ఇది బలం గోలీ. ఈ తెల్లది గూడ కాదు, ఇది కాల్షియం. నాలుగు మందులల్ల రెండు నీకు పడ్తలేవు. దుకాణపోడు తప్పిచ్చిండో ఏమో. ఎన్ని రోజుల సంది అయితున్నదో, నువ్వు నడిచి వచ్చినవు, గదే ఎక్కువ."

"మళ్ల ఏసుకుంటే మళ్ల నలబై ఆరు అయితదా?"

"ఎక్కాలె. కాని అంత ఎక్కుతదని మాట ఇయ్యలేను."

బోర్డు పది రోజుల్లో ఉందని అతను చెబితే, ఆమె కాగితం తీసుకుని రాసింది. "మందులు తప్పినందుకు గుండె తగ్గింది, మూడు నెలలు ఆగి మళ్ల పరీక్ష చెయ్యాలె అని రాసిన. బోర్డోళ్లకు చూపియ్యి." సామ్యేల్ దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మూడు నెలలు ఆగితే డిసెంబరు దాటుతుంది. డిసెంబరు దాటితే అతనికి మిగిలేది రెండేళ్ల లోపు. అంటే ఎడ్వర్డ్‌కు ఉద్యోగం ఉండదు. ఆ లెక్క అతనికి బస్సెక్కాక తట్టింది.

దారి పొడుగునా మెడికల్ షాపువాణ్ని తిట్టుకున్నాడు. బస్సు దిగి నేరుగా చౌరస్తాలో షాపు మీదికి పోయాడు. కొట్టు యజమాని మొగిలి తెలిసినవాడే. పదిమంది చూస్తుండగా గోలీల డబ్బా బల్ల మీద బోర్లించి, "మనుషులను చంపుతర్ర మీరు?" అని అరిచాడు. అరిచినందుకు రొప్పు వచ్చి బల్ల పట్టుకున్నాడు.

మొగిలి కంగారుగా స్టూలు జరిపి కూర్చోబెట్టాడు. "అన్నా, జర ఆగు. నీ నాలుగు రకాలు నెల నెలా ఇస్తనే ఉన్న. పోయిన వారం గూడ అక్క తీసుకపోయింది. గివి వేరే. గివి బలానికి. గివి గూడ అక్కనే తీసుకపోయింది. గులాబీ రంగువి చూపియ్యమని నాలుగు రకాలు బల్ల మీద పెట్టిచ్చి, పాత పట్టీ పక్కన పెట్టి రంగు చూసుకొని మరీ తీసుకున్నది. నేననుకున్న, అక్క నీరసంగున్నదేమో అని."

సామ్యేల్ బల్ల మీద పడ్డ గోలీలను ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసుకున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని రాయమల్లు అంటుంటే నవ్వేవాడు ఒకప్పుడు. ఇంటికి నడిచేసరికి అరగంట పట్టింది. పది నిమిషాల దారి అది.

లిడియా కూటం నుంచి వచ్చి బియ్యం ఏరుతోంది. సామ్యేల్ గోలీల డబ్బా ఆమె ముందు చాటలో పెట్టాడు. ఆమె దాన్ని చూసింది, అతని ముఖం చూసింది. తప్పించుకునే మాట ఒక్కటి కూడా అనలేదు. లేచి, బియ్యం డ్రమ్ములోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, చేతిరుమాలులో కట్టిన మూట తీసి ఇచ్చింది. విప్పితే పట్టీలు. ఒక్క గోలీ కూడా తీయని పట్టీలు.

"పారెయ్యనీకి చెయ్యి రాలే" అంది.

"నాకు పెట్టకుంట ఉండనీకి వచ్చిందా?"

"రెండు నెలలే అనుకున్న. బోర్డు అయినంక మళ్ల ఏద్దాం, మళ్ల మంచిగైతవు అనుకున్న. ఆపితే దిగుతది, ఏస్తే ఎక్కుతదని రాయమల్లన్న జెప్పిండు. చార్జింగు అసొంటిదే అన్నడు." ఆ మూటనే చూస్తూ అంది. "పిల్లగాడు ఉరేసుకుంటనన్నడయ్యా. నీకు జెప్పద్దన్నడు."

"అంటే ఆనికి ఎరుకే."

లిడియా తల ఊపింది.

"కోడలికి?"

దానికీ ఊపింది.

"రాయమల్లుకు ఎరుకే, ఆని పెండ్లానికీ ఎరుకే ఉంటది. వాడకట్టంత ఎరుకే! ఎరుక లేనోన్ని నేనొక్కన్నే! రోజూ బరువు రాసినవు గదనే! నేను మిషను మీద నిలబడితే, పెరిగింది పెరిగినట్టు నీ చేత్తోనే రాసినవు గద! ఎట్ల రాయబుద్ధైందే?"

కంచే చేను మేస్తే కాపు ఎవరితో చెప్పుకుంటాడు? సామ్యేల్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కప్పు ఎన్నిసార్లు మీదికి వచ్చినా అతను ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాడు. చప్పుడు చేసి, చిన్నపిల్లాడిలా, పక్క క్వార్టరుకు వినిపించేలా ఏడ్చాడు. లిడియా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేయబోతే ఆ చేతిని విసిరికొట్టాడు.

ఎడ్వర్డ్ చీకటి పడ్డాక వచ్చి, సంగతి తెలిసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. "బాపు" అన్నాడు. సామ్యేల్ అటు చూడనైనా చూడలేదు. ఆ పది రోజులూ ఆ ఇంట్లో చెంచా పడినా వినిపించింది.

బోర్డు రోజు వచ్చింది. ముగ్గురు డాక్టర్లు. స్కానింగు మళ్లీ చేశారు. మందులు మళ్లీ మొదలుపెట్టినా పది రోజుల్లో ఏం మారుతుంది? ఇరవై ఎనిమిది. నడుమ కూర్చున్న పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసుకుని అడిగాడు.

"మందులు సరిగ్గ ఏసుకుంటున్నవా? నడుమ ఎప్పుడన్న మానినవా?"

డాక్టర్ యమున కాగితం చొక్కా జేబులోనే ఉంది. తీసి బల్ల మీద పెడితే చాలు. తలుపు సగం తెరిచి ఉంది. ఆ సందులోంచి ఎడ్వర్డ్ కనిపిస్తున్నాడు. ఫైలు రెండు చేతులతో ఛాతీకి అదుముకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ముప్పై మూడేళ్లకే భుజాలు వంగిపోయాయి. బూడిద మోసిన భుజాలు.

"మానలే సార్" అన్నాడు సామ్యేల్. "ఒక్క పూట గూడ మానలే."

అది అబద్ధం కూడా కాదు. లిడియా చేతిలోంచి వచ్చిన ప్రతి గోలీ అతను మింగాడు.

అన్‌ఫిట్ ఇచ్చారు. బయట ఎడ్వర్డ్ కాళ్ల మీద పడబోతే, "లే, నలుగురు చూస్తున్నరు" అని పక్కకు తప్పుకున్నాడు. ఇంటికి వచ్చాక జేబులోంచి కాగితం తీసి లిడియా చేతిలో పెట్టాడు.

"చదువు."

ఆమె చదివింది. వాక్యం చదివే గొంతు రెండో వరసకే ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివి, చివరిదాకా పోయి, మంచం మీద కూర్చుంది.

"ఇది బోర్డుకు చూపియ్యలేదా?"

"చూపిస్తే నీ కొడుక్కు నౌకరి వస్తుండెనా? నువ్వు చేసిన పనే నేను గూడ చేసిన. నువ్వు నాకు తెల్వకుంట చేసినవు, నేను తెలిసి చేసిన. గిదొక్కటే ఫరక్." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నన్ను అడిగితే ఇయ్యకపోదునా లిడియా?"

ఇచ్చేవాడో లేదో నాకు తెలియదు. జిలేబీ తెచ్చిన రోజు ఎడ్వర్డ్ అడిగితే కసిరాడు కదా. ఆ సంగతి సామ్యేల్‌కూ గుర్తుంది. అయినా లిడియా అడిగి ఉంటే వేరు అనుకుంటాడు. గింజలను నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెతలోని బాధ అదే. బుర్రలైనందుకు కాదు, నమ్మి నానబోసినందుకు.

ఆ ఆదివారం లిడియా అలవాటుగా చేతులు కడుక్కుని, తువ్వాల పరిచి, గోలీల డబ్బా కోసం చెయ్యి చాచింది. సామ్యేల్ డబ్బా తీసుకుని వరండాలోకి పోయాడు. డాక్టర్ యమున దగ్గర నాలుగు రకాలకూ నాలుగు గుర్తులు నేర్చుకొచ్చాడు: ఏది గుండ్రం, ఏది కోల, దేని మీద నడుమ గీత ఉంటుంది. వారానికి సరిపడా నింపడానికి అతనికి గంట పట్టింది. లిడియా తలుపు దగ్గర నిలబడి చూసింది. నీళ్లు తెచ్చి ఇస్తే తీసుకోలేదు.

ఫిబ్రవరిలో స్కానింగుకు ముప్పై నాలుగు వచ్చింది. "ఎక్కుతున్నది కాకా, మెల్లగ" అంది డాక్టర్ యమున. నలబై ఆరు మళ్లీ కనిపించలేదు. చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుంటున్నాడు. డోలక్ ఇంకెవరో వాయిస్తున్నారు.

ఎడ్వర్డ్‌కు ఉత్తర్వులు వచ్చాయి. బాయి లోపలే పని. మొదటి షిఫ్టు రోజు పొద్దున్నే కొత్త బూట్లు వేసుకుని, వరండాలో తండ్రి ముందు వచ్చి నిలబడ్డాడు. ఆరు నెలలుగా వాళ్ల మధ్య అవసరానికి మించి ఒక్క మాట లేదు.

"పోయొస్త బాపు. ఏమన్న జెప్తవా?"

సామ్యేల్ చాలాసేపు వాడి బూట్ల వైపే చూశాడు. వద్దనుకుంటూనే నోరు విప్పాడు.

"కప్పు కింద నిలబడే ముంగట కర్రతోని కొట్టి ఇను. ఖంగుమంటేనే నిలబడు. ఎవ్వలు మంచిగున్నదన్నా నమ్మకు. ఓవర్‌మన్ అన్నా నమ్మకు, పక్కన సొంత మనిషి నిలబడి అన్నా నమ్మకు. నువ్వే కొట్టాలె, నువ్వే ఇనాలె."

ఎడ్వర్డ్ తల ఎత్తలేదు. గడపలో లిడియా టిఫిను గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది. ఎడ్వర్డ్ ఆ గిన్నె అందుకుని, మూత తీసి చూడకుండా సంచిలో పెట్టుకుని గేటు దాటాడు.

సామ్యేల్ వాడు మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత లేచి, లిడియాను దాటుకుని లోపలికి పోయి, కుండలోంచి తన నీళ్లు తనే ముంచుకుని, ఆ పొద్దుటి నాలుగు గోలీలను ఒక్కొక్కటే వెలుతురులో పట్టి చూసి వేసుకున్నాడు.